కట్టె, ఊక, నూక: జీవ ఇంధనాన్ని కొలవడం ఎట్లా?

గద్వాల చుట్టుపక్కల చేలల్లో పత్తి ఏరడం ముగిసేసరికి ఆకు రాలిపోయి, కాయలు విచ్చుకున్న కట్టె చేనంతా నిలబడి ఉంటుంది. సీడ్ పత్తికి పేరుపడ్డ ప్రాంతం ఇది. ఒక్కొక్క పువ్వుకు చేత్తో క్రాసింగ్ చేసి విత్తనం పండిస్తారు. అంత కష్టపడి పండించిన పంట అమ్ముడుపోయాక మిగిలిన కట్టెను కొందరు పీకి పొయ్యి కోసం దాచుకుంటారు. కొందరు ట్రాక్టర్‌తో ముక్కలు చేసి దున్నేస్తారు. చాలామంది గట్టు మీద కుప్పవేసి అగ్గి పెడతారు. ఎకరాకు సుమారు టన్ను ఎండు కట్టె కాసేపట్లో బూడిదవుతుంది.

కిలో పత్తి కట్టెలో దాదాపు 4 వేల కిలోక్యాలరీల వేడి ఉంటుంది. నాసిరకం బొగ్గుకు ఇది తీసిపోదు. దాన్ని చేనులో కాల్చే బదులు బాయిలర్‌లో కాలిస్తే కరెంటు వస్తుంది. మొక్క పెరిగేటప్పుడు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడే కాలినప్పుడు తిరిగి గాలిలో కలుస్తుంది, మరుసటి పంట దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. కాబట్టి వాతావరణం మీద పడే భారం సున్నా అంటారు. బయోమాస్ విద్యుత్తు, ఇథనాల్, బయోడీజిల్, గోబర్ గ్యాస్, వీటన్నిటికీ పునాది ఈ వాదనే.

వాదనలో నిజముంది. అయితే దాని వెనుక పరీక్షకు నిలబడాల్సిన మూడు ఊహలున్నాయి. ఆ కట్టె ఎవరికీ అక్కర్లేనిదని మొదటి ఊహ. దాన్ని కోసి, మోసి, కాల్చడానికి వేరే ఇంధనం పెద్దగా ఖర్చు కాదని రెండోది. నేలకూ నీళ్లకూ మనుషులకూ ఇంకే మార్పూ రాదని మూడోది. ఒక ప్రాజెక్టు పదికాలాలు నిలుస్తుందా, ఊరికి మేలు చేస్తుందా అని తేల్చడమంటే ఈ మూడు ఊహలనూ ఆ ఊరిలోనే పరీక్షకు పెట్టడం. 2016 అక్టోబర్‌లో పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో జీవ ఇంధనానికి పనికొచ్చే సరుకు దాదాపు అన్ని రకాలూ ఉన్నాయి. అందుకే ఈ కొలతల శాస్త్రాన్ని ఇక్కడి చేలల మీదుగా, మిల్లుల మీదుగా, పొయ్యిల మీదుగా చెప్పుకుందాం.

ఇరవై నాలుగు కొలతలు

2008లో 'సైన్స్' పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు ప్రపంచాన్ని కుదిపాయి. టిమోతీ సెర్చింజర్ బృందం అమెరికా మొక్కజొన్న ఇథనాల్‌ను లెక్కగట్టింది. మొక్కజొన్న ట్యాంకుల్లోకి పోతే ఆ లోటు తీర్చడానికి వేరే దేశాల్లో అడవులూ గడ్డి మైదానాలూ దున్నాల్సి వస్తుందనీ, అది కూడా కలిపితే ముప్పై ఏళ్ల కాలంలో ఆ ఇథనాల్ ఉద్గారాలు పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపవుతాయనీ చెప్పింది. జోసెఫ్ ఫార్జియోన్ బృందం ఇంకో సంగతి చూపించింది. ఆగ్నేయాసియాలో బురదనేల అడవిని నరికి పామాయిల్ తోట వేసి బయోడీజిల్ తీస్తే, నరకడం వల్ల గాలిలో కలిసిన కార్బన్‌ను ఆ బయోడీజిల్ తీర్చడానికి 423 ఏళ్లు పడుతుంది.

ఈ చర్చల నడుమ, రోమ్‌లోని ఆహార వ్యవసాయ సంస్థ నుంచి పనిచేసే గ్లోబల్ బయోఎనర్జీ పార్ట్‌నర్‌షిప్ 2011లో 24 సూచికలను ప్రకటించింది. పర్యావరణానికి ఎనిమిది, సమాజానికి ఎనిమిది, ఆర్థికానికి ఎనిమిది. గింజ వేసిన దగ్గర్నుంచి ఇంధనం కాలేదాకా వెలువడే వాయువులు, నేల సారం, నీటి వాడకం, నీటి నాణ్యత, జీవవైవిధ్యం, భూమి వాడకంలో మార్పు మొదటి వరుసలో ఉన్నాయి. భూమి హక్కులు, తిండిగింజల ధరలు, ఆదాయం, ఉపాధి, కట్టెలు ఏరడానికి ఆడవాళ్లూ పిల్లలూ కూలి లేకుండా వెచ్చించే సమయం, వంటింటి పొగ వల్ల వచ్చే జబ్బులు రెండో వరుసలో ఉన్నాయి. పెట్టిన శక్తికి తిరిగొచ్చే శక్తి ఎంత, మిగిలే విలువ ఎంత, పనివాళ్లకు శిక్షణ ఎంత అన్నవి మూడో వరుసలో ఉన్నాయి. కొలంబియా, ఇండోనేషియాల్లో వీటిని వాడి చూశారు.

ఆడవాళ్ల సమయాన్ని గ్రీన్‌హౌస్ వాయువుల పక్కనే నిలబెట్టడం ఈ జాబితాలోని గొప్పతనం. దానికి ఒక పరిమితి కూడా ఉంది. ఈ సూచికలు దేశం స్థాయి కోసం తయారయ్యాయి. దేశం మొత్తం మీద నీటి వాడకం అర శాతం పెరిగిందన్న అంకె తప్పు కాకపోవచ్చు, కానీ ఆ అర శాతమంతా ఒకే వాగు ఒడ్డున ఖర్చవుతుంటే ఆ ఊరి బోరుకు సగటుతో పనిలేదు. ఫ్యాక్టరీ ఒక ఊళ్లో ఉంటుంది. కొలత కూడా ఆ ఊరి దాకా దిగిరావాలి.

కట్టె: ఎవరిది ఆ మిగులు?

గద్వాల దగ్గర 6 మెగావాట్ల బయోమాస్ కేంద్రం పెట్టారనుకుందాం. ఇలాంటి కేంద్రాల్లో యూనిట్ కరెంటుకు కిలోంబావు నుంచి కిలోన్నర దాకా కట్టె పడుతుంది. రోజుకు 1,44,000 యూనిట్లకు సుమారు 187 టన్నులు. ఏడాదికి 300 రోజులు నడిస్తే 56 వేల టన్నులు. ఎకరాకు టన్ను లెక్కన 56 వేల ఎకరాల పత్తి కట్టె మొత్తం ఆ ఒక్క బాయిలర్‌కే పోవాలి.

ఇక్కడ మొదటి ఊహను పరీక్షించాలి. 56 వేల ఎకరాల్లో కట్టె ఉంది సరే, అందులో మిగులు ఎంత? క్యోటో ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్లు ఇచ్చినప్పుడు దీనికో నియమం పెట్టారు. కేంద్రం చుట్టూ, ఉదాహరణకు 50 కిలోమీటర్ల లోపల, దొరికే సరుకు అందరి వాడకాన్నీ కలిపిన దానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. లేకపోతే కేంద్రం లాక్కున్న కట్టె స్థానంలో ఇంకెవరో బొగ్గో, అడవి కట్టెలో కాల్చవలసి వస్తుంది. ప్రాజెక్టు గేటు లోపల ఉద్గారం తగ్గినట్టు కనిపిస్తుంది, గేటు బయట అదే పెరుగుతుంది. దీన్నే లీకేజీ అంటారు. కాబట్టి ఇంటింటికీ తిరిగి, ఈ కట్టెతో ఇప్పుడు ఏం చేస్తున్నారని అడగాలి. భూమి లేని ఇల్లు పక్క రైతు చేనులో ఉచితంగా పీక్కొచ్చుకున్న కట్టెతో నెలల తరబడి వంట చేసుకుంటుంది. ఆ కట్టెకు ధర పలికిన రోజున రైతుకు కొంత ఆదాయం వస్తుంది, ఆ ఇంటి పొయ్యికి మాత్రం సరుకు పోతుంది. సగటు ఆదాయం లెక్కలో మొదటిది కనిపిస్తుంది. రెండోది ఎవరైనా వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

పత్తి కట్టెకు ఇంకో ముడి ఉంది. గులాబీ రంగు పురుగు పంట అయిపోయాక కట్టెకు అంటుకున్న ఎండు కాయల్లో దాగి మరుసటి పంట దాకా బతుకుతుంది. అందుకే ఏరడం కాగానే కట్టె తీసేయమని, చేల పక్కన కుప్పలు పెట్టొద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. విద్యుత్ కేంద్రం కట్టెను వెంటనే సేకరించి ముక్కలు చేస్తే పురుగు చక్రం తెగుతుంది, అది రైతుకు మేలు. ఏడాది పొడుగునా బాయిలర్ నడపడానికి పొలాల మధ్య కట్టె గుట్టలు పేరిస్తే అదే పురుగుకు ఇల్లవుతుంది. ఒకే సరుకు, ఒకే కేంద్రం, నిల్వ చేసే తీరును బట్టి ఫలితం తారుమారవుతుంది. 24 సూచికల్లో గులాబీ రంగు పురుగు లేదు. గద్వాల జాబితాలో అది ఉండి తీరాలి.

నేల సంగతి కూడా చూడాలి. పాలమూరు చెల్కల్లో సేంద్రియ కార్బన్ తక్కువ. చేనులోంచి ఏటా కట్టె ఎత్తుకుపోతే కార్బన్‌తో పాటు పొటాష్, భాస్వరం కూడా పోతాయి. చేనులోనే కాలిస్తే నత్రజని గాలిలో కలిసి, పొటాష్ బూడిదలో మిగిలేది. బాయిలర్ బూడిదను తిరిగి చేలకు చేర్చారా లేదా అన్నది రాయాల్సిన అంకె. చేర్చకపోతే రైతు ఆ పొటాష్‌ను బస్తాల్లో కొనాలి.

2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, సర్కారు తుమ్మ, పంట వ్యర్థాలు కాల్చే చిన్న విద్యుత్ కేంద్రాలు చాలా వచ్చాయి. కొన్ని కార్బన్ క్రెడిట్లకూ నమోదయ్యాయి. సరుకు ధర పెరిగి కొన్ని మూతబడ్డాయి. మొదటి ఏడాది సర్వేలో కనిపించిన మిగులు, కేంద్రం కొనడం మొదలుపెట్టగానే కరిగిపోవడం అందులో ఒక కారణం. మిగులును ఒక్కసారి కొలిచి వదిలేస్తే సరిపోదని, ఏటా కొలవాలని ఆ అనుభవం చెబుతోంది.

ఊక: ధర పుట్టిన వ్యర్థం

భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందాక వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో వరి పెరిగింది, రైస్ మిల్లులూ పెరిగాయి. టన్ను వడ్లు ఆడిస్తే దాదాపు 200 కిలోల ఊక వస్తుంది. ఊక పొడిగా ఉంటుంది, ఒకేచోట దొరుకుతుంది, కోసి మోసే పనిలేదు. కొత్తకోట దగ్గరి చక్కెర మిల్లు లాంటి చోట చెరకు పిప్పిదీ ఇదే సౌకర్యం. మిల్లు ఆవరణలోనే పుట్టి, అక్కడి బాయిలర్‌లోనే కాలే వ్యర్థానికి రవాణా డీజిల్ ఖర్చు ఉండదు. శక్తి లెక్కలో ఇలాంటి సరుకుకే మంచి మార్కులు పడతాయి.

ఉప్పుడు బియ్యం మిల్లులు తమ ఊకను వడ్లు ఉడకబెట్టడానికి తామే వాడుకుంటాయి. పచ్చి బియ్యం మిల్లుల దగ్గర మిగిలేది ఇటుక బట్టీలకూ, కోళ్ల ఫారాల్లో నేలమీద పరిచే లిట్టర్‌కూ పోతుంది. కొత్తగా ఒక పెద్ద కొనుగోలుదారు వస్తే వీళ్లకు ధర పెరుగుతుంది. ఇటుక బట్టీ ఊక మాని బొగ్గు వైపో, సర్కారు తుమ్మ వైపో తిరిగితే, ఆ మార్పును ఊక కొన్న ప్రాజెక్టు ఖాతాలోనే రాయాలి.

ఊక కాలితే దాని బరువులో ఐదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. సరిగా పట్టి సిమెంటుకో, ఉక్కు పరిశ్రమకో పంపితే అది సరుకు. గాలికి వదిలితే చుట్టుపక్కల ఇళ్ల మీద, ఆకుల మీద, ఊపిరితిత్తుల్లో పడుతుంది. చిమ్నీ దగ్గర బూడిద పట్టే యంత్రం ఉందని కాగితం మీద రాయడం తేలిక. అది రాత్రి పూట కూడా నడుస్తోందా అన్నది మిల్లు పక్క ఊరికి తెలుసు. ఆ ఊళ్లో ధూళిని కొలిచే ఒక యంత్రం పెట్టి, రోజువారీ అంకె పంచాయతీ గోడ మీద రాయడం పెద్ద ఖర్చు కాదు.

నూక: లీటరు ఇథనాల్ వెనుక నీళ్లు

2018 జాతీయ జీవ ఇంధన విధానం నూకలనూ, పాడైన ధాన్యాన్నీ, మిగులు ధాన్యాన్నీ ఇథనాల్‌గా మార్చడానికి దారి తెరిచింది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు. 2025లో దేశం ఆ స్థాయికి చేరింది కూడా. దిగుమతి చేసుకునే చమురు తగ్గుతుందన్నది ఇందులోని జాతీయ ప్రయోజనం, అది నిజమైన ప్రయోజనమే. దానికి చెల్లించే మూల్యం ఏ ఊళ్లో పడుతుందన్నది ఆ లెక్కలో ఉండదు.

రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ తీసే ఫ్యాక్టరీని తీసుకుందాం. టన్ను బియ్యానికి దాదాపు 450 లీటర్లు, టన్ను మొక్కజొన్నకు దాదాపు 380 లీటర్లు వస్తాయి. అంటే రోజుకు 220 టన్నుల బియ్యమో, 260 టన్నుల మొక్కజొన్నో కావాలి. ఏడాదికి 330 రోజులు మొక్కజొన్నతోనే నడిస్తే, ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి లెక్కన సుమారు 35 వేల ఎకరాల పంట. పులిసే దశలో లీటరు ఇథనాల్‌కు ముప్పావు కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది పంట పీల్చుకున్నదే కాబట్టి లెక్కలో చెల్లుతుంది. బాయిలర్‌లో బొగ్గు కాలిస్తే వచ్చేది మాత్రం చెల్లదు. ఊక కాల్చే ఫ్యాక్టరీకీ, బొగ్గు కాల్చే ఫ్యాక్టరీకీ బోర్డు మీద పేరు ఒకటే ఉన్నా వాతావరణానికి చేసే మేలులో చాలా తేడా ఉంటుంది. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. లీటరుకు లీటరు పోల్చడం మొదటి అడుగులోనే తప్పు.

ఇక నీళ్లు. ఫ్యాక్టరీ గేటు లోపల లీటరు ఇథనాల్‌కు మూడు నుంచి ఐదు లీటర్ల నీళ్లు పడతాయి. గేటు బయటికి వస్తే అంకె ఒక్కసారిగా మారుతుంది. కిలో బియ్యం పండడానికి రమారమి 3 వేల లీటర్ల నీళ్లు కావాలంటారు. లీటరు ఇథనాల్‌కు రెండు కిలోలకు పైగా బియ్యం పడుతుంది కాబట్టి ఆరు వేల లీటర్లు దాటుతుంది. పాలమూరులో ఆ నీళ్లు వాటంతట అవి పారవు. కల్వకుర్తి పథకం కృష్ణా నీళ్లను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు దశల్లో పైకి ఎత్తుతుంది. నెట్టెంపాడు పథకం జూరాల నీళ్లను ఎత్తుతుంది. తర్వాత బోరు మోటార్లు ఇంకొంత తోడతాయి. వీటి కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుతో తయారవుతుంది. పెట్టిన శక్తికి తిరిగొచ్చే శక్తి ఎంత అన్న సూచికను ఇక్కడ నింపాలంటే ఎత్తిపోతల పంపుల మీటర్ రీడింగ్ కూడా అందులో ఉండాలి. నదీ ప్రవాహంతో పారే డెల్టా వరికీ, ఎత్తిపోతల వరికీ ఒకే అంకె వేయడం కుదరదు.

దీనికి కంపెనీలు ఇచ్చే జవాబు ఒకటుంది. మేం వాడేది నూకలు, బియ్యం కోసం పండించిన పంటలో మిగిలినవి, వాటి మీద నీటి భారం మోపడం న్యాయం కాదంటారు. నిజంగా తిండికి పనికిరాని నూకలే అయితే ఈ మాటలో బలముంది. అప్పుడు భారాన్ని ధరల నిష్పత్తిలో పంచుతారు, నూకల ధర తక్కువ కాబట్టి వాటి వాటా కూడా తక్కువ. కానీ ఫ్యాక్టరీ ఒకసారి కట్టాక నూకలు దొరికినా దొరక్కపోయినా ఏదో ఒకటి వేసి నడపాలి. 2023 జూలైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) డిస్టిలరీలకు బియ్యం ఇవ్వడం ఆపేసింది. డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024కల్లా దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. మొక్కజొన్న రైతుకు మంచి ధర దొరికింది, కోళ్ల రైతుకు దాణా భారమైంది. ప్రాజెక్టు నివేదికలో నూకలని రాసిన సరుకు అయిదేళ్ల తర్వాత కూడా నూకలేనా అన్నది ఏటా సరిచూడాలి.

వ్యర్థ జలం ఇంకా సున్నితమైన విషయం. పులియబెట్టి ఇథనాల్ తీశాక మిగిలే ద్రవంలో సేంద్రియ పదార్థం విపరీతంగా ఉంటుంది. అది వాగులో కలిస్తే నీటిలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు చస్తాయి. కొత్త ఫ్యాక్టరీల్లో దాన్ని ఆవిరి చేసి, గట్టి భాగాన్ని పశువుల దాణాగా అమ్ముతారు. ఒక్క చుక్క కూడా బయటికి పోదని హామీ ఇస్తారు. ఆ హామీ మీదే ఒక పెద్ద నిర్ణయం జరిగింది. 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ సవరించి, పెట్రోల్‌లో కలపడానికి మాత్రమే ఇథనాల్ చేసే, ద్రవ వ్యర్థం వదలని ధాన్యపు డిస్టిలరీలను బీ2 వర్గంలో పెట్టింది. 2024 మార్చి 31 లోపు దరఖాస్తు చేసుకున్నవాటికి ఈ వెసులుబాటు వర్తించింది. ఆ వర్గానికి పూర్తిస్థాయి ప్రభావ నివేదిక, బహిరంగ విచారణ అక్కర్లేదు. ఊరి నీళ్లు, ఊరి నేల, ఊరి భయాలు కాగితం మీదికి ఎక్కే దశే తప్పిపోయింది.

ఆ తర్వాత జరిగింది తెలంగాణ చూసింది. 2023 అక్టోబర్‌లో నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద ఆందోళన ఘర్షణగా మారింది. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం జాతీయ రహదారి మీద కూర్చుంటే ప్రభుత్వం పనులు ఆపించింది. గద్వాల జిల్లాలో తుంగభద్ర తీరంలోని రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఫ్యాక్టరీ వద్దని చుట్టుపక్కల ఊళ్లు దీక్షలకు దిగాయి. 2025 జూన్‌లో అక్కడ గొడవ జరిగింది, కేసులు పెట్టారు, అరెస్టయిన రైతులకు బేడీలు వేసి అలంపూర్ కోర్టుకు తెచ్చిన తీరును రాష్ట్రమంతా నిలదీసింది. మా నీళ్లు ఏమవుతాయన్న ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పాల్సిన చోట పోలీసులు నిలబడాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ మంచిదే అయినా, చెడ్డదే అయినా, ఆ సంగతి తేల్చే కొలత ముందే జరిగి ఉండాలి.

పొయ్యి: లెక్కలోకి రాని గంటలు

ఇప్పటిదాకా చెప్పుకున్నవి కొత్త జీవ ఇంధనాలు. పాతది ఇంకా ప్రతి ఊళ్లో మండుతోంది. నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచున కట్టెల పొయ్యే చాలా ఇళ్ల ఆధారం. 2016లో ఉజ్వల పథకం వచ్చాక గ్యాస్ సిలిండర్ చేరింది. సిలిండర్ ధరను చూసి టీ గ్యాస్ మీద, అన్నం కట్టెల మీద పెట్టే ఇళ్లూ ఉన్నాయి. కనెక్షన్ల సంఖ్యను లెక్కపెడితే సమస్య తీరినట్టు కనిపిస్తుంది. వంటింట్లో పొగను కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి కణాలు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కట్టెల పొయ్యి వెలిగినప్పుడు అది వందల్లో ఉంటుంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని అదే సంస్థ అంచనా.

గోబర్ గ్యాస్ దీనికి మంచి జవాబు కాగలదు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు ఒక కుటుంబం వంటకు చాలు. దానికి రోజూ 50 కిలోల పేడ, దాదాపు అంతే నీళ్లు కావాలి. అంటే నాలుగైదు పశువులు ఉండాలి. ఘనపు మీటరు గ్యాస్ సుమారు మూడున్నర కిలోల కట్టెకు బదులవుతుంది, మిగిలిన స్లర్రీ చేనుకు ఎరువవుతుంది. కాగితం మీద దీనికి సాటి లేదు. కానీ వలస పోయే పాలమూరు కుటుంబం ఏడాదిలో కొన్ని నెలలు ఊళ్లోనే ఉండదు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి. ఎండాకాలంలో బిందె నీళ్లకు నడిచిన ఊళ్లలో పేడలో కలిపే నీళ్లు ఎవరు మోస్తారు? ఆ పని ఆ ఇంటి ఆడమనిషి మీదే పడుతుంది. కట్టెలకు వెళ్లే రెండు గంటలు తగ్గి, నీళ్లూ పేడా మోసే గంట పెరిగితే, ఆ రెంటికీ తేడాయే ఆమెకు దక్కిన మేలు. కట్టిన ప్లాంట్ల సంఖ్యలో ఇది కనిపించదు. మూడేళ్ల తర్వాత వెళ్లి ఎన్ని నడుస్తున్నాయో చూడాలి. గ్యాస్ ఎక్కడైనా కారుతోందా అని కూడా చూడాలి. మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది.

పొయ్యిల మీద కార్బన్ క్రెడిట్ల వ్యాపారం కూడా పెద్దదే. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో పలు దేశాల పొయ్యి ప్రాజెక్టులను తిరిగి లెక్కగట్టి, ఇచ్చిన క్రెడిట్లు జరిగిన మేలు కన్నా సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువని తేల్చారు. కొత్త పొయ్యిని ఎంత వాడుతున్నారో, పాత పొయ్యి ఎంత మానేశారో, అడవి కట్టెలో తిరిగి పెరగని భాగం ఎంతో అన్న మూడు చోట్లా అంచనాలను ఉదారంగా వేశారు. పేదింటి పొయ్యి పేరుతో సంపన్న దేశాల విమానాల పొగ మాఫీ అయింది.

పవర్‌గూడ చూపిన దారి

కొలత సరిగా జరిగితే ఎట్లా ఉంటుందో చెప్పడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఆదిలాబాద్ అడవుల్లోని గోండుల ఊరు పవర్‌గూడ. అక్కడి మహిళా సంఘాలు వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీయడం మొదలుపెట్టాయి. ఆ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే పదేళ్లలో ఎంత కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందో లెక్కగట్టారు. 147 టన్నులని తేలింది. 2003లో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం ఉద్గారాలకు బదులుగా ఆ తగ్గింపును కొని 645 డాలర్లు చెల్లించింది. టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపే. డబ్బు చిన్నది, పద్ధతి పెద్దది. కానుగ ఇక్కడి చెట్టు, ఇక్కడి నేలకు అలవాటైనది. నూనె ఎంత వస్తుందో సంఘానికి తెలుసు. చెల్లింపు ఆ ఆడవాళ్ల సంఘానికే చేరింది.

అదే కాలంలో దానికి పూర్తిగా భిన్నమైన కథ కూడా నడిచింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం, అంటే జట్రోఫాను దేశవ్యాప్తంగా పెంచాలని సూచించింది. వర్షాభావ జిల్లాల్లో బీడు భూములకు అది వరమని చెప్పారు. నీళ్లూ ఎరువూ అందిన నేలల్లో వచ్చే దిగుబడిని బీడు నేలకు అంటగట్టడం అందులోని తప్పు. చెట్టు బతికింది, గింజ రాలలేదు. బీడు అని రికార్డుల్లో రాసిన భూమి ఊరి మేకలకు మేపు, పేదలకు కట్టెల ఆసరా. అది కూడా ఆ లెక్కలోకి రాలేదు.

మూడు జిల్లాలకు ఒక కొలత పుస్తకం

ఈ అనుభవాలన్నిటి నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు పనికొచ్చే పద్ధతి ఒకటి తయారు చేసుకోవచ్చు. ఏ ప్రాజెక్టుకైనా పునాది రాయి వేయడానికి ముందే వానాకాలం, యాసంగి, ఎండాకాలం మొత్తం ఒక ఏడాది ఆ ప్రాంతాన్ని కొలవాలి. చుట్టుపక్కల బోర్లలో నీటి మట్టం, వాగులో పైనా కిందా నీటి నాణ్యత, నేలలో సేంద్రియ కార్బన్, గాలిలో ధూళి, కట్టె, ఊక, మొక్కజొన్న ఇప్పుడు ఎవరికి ఏ ధరకు పోతున్నాయో, ఆడవాళ్లు కట్టెలకూ నీళ్లకూ వెచ్చించే గంటలు, కూలి రేట్లు, వలస పోయే ఇళ్ల సంఖ్య, అన్నీ రాయాలి. దీన్నే బేస్‌లైన్ అంటారు. ఇది లేకపోతే తర్వాత వచ్చే ఏ మార్పు ఫ్యాక్టరీ వల్ల వచ్చిందో, ఏది కరువు వల్ల వచ్చిందో తేల్చడం ఎవరి వల్లా కాదు. ఫ్యాక్టరీ మంచి చేసినా నిరూపించుకోలేదు, చెడు చేసినా రైతు నిరూపించలేడు.

ఇందుకు కావలసినవి చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. భూగర్భ జల శాఖ బావుల మట్టాలను నెలనెలా కొలుస్తుంది. భూసార పరీక్షా కేంద్రాలున్నాయి. డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ, బాటనీ చదివే పిల్లలున్నారు. లేనిదల్లా వీటిని ఒక్కచోట చేర్చి, ప్రాజెక్టు యజమానికి లోబడని చేతుల్లో పెట్టే ఏర్పాటు. ఇప్పుడు ప్రభావ నివేదికను ప్రాజెక్టు పెట్టేవాళ్లే డబ్బిచ్చి రాయించుకుంటారు. ఆ డబ్బు ప్రభుత్వ నిధిలో పడి, నివేదిక రాసేవాళ్లను వేరొకరు ఎంచుకుంటే అంకెల మీద నమ్మకం పెరుగుతుంది. నివేదికను తెలుగులో, గ్రామసభలో చదవాలి. అంకె తప్పనిపిస్తే తిరిగి కొలవమని అడిగే హక్కు గ్రామసభకు ఉండాలి. ప్రాజెక్టు మొదలయ్యాక ఏటా అదే బావిలో, అదే వాగులో, అదే ఇళ్లలో కొలిచి పాత అంకె పక్కన కొత్త అంకె రాయాలి.

ఇంత చేసినా ఒక షరతు నెరవేరకపోతే అదంతా వృథా. కొన్ని అంకెలకు ముందే గీత గీసుకోవాలి. మిగులు 25 శాతం కన్నా తగ్గితే సేకరణ ఆపాలి. బోర్ల మట్టం ఇన్ని మీటర్లు పడితే నీటి కేటాయింపు తగ్గాలి. వాగు నీళ్లు చెడితే మరుసటి రోజే ఫ్యాక్టరీ గేటు మూయాలి. బేస్‌లైన్‌లోనే నీళ్లు చాలవని తేలితే అసలు ప్రాజెక్టే రాకూడదు. పత్తి కట్టెతో వెలిగే దీపం, పేడతో మండే పొయ్యి, నిజంగా వృథా అయ్యే నూకలతో నడిచే బండి పాలమూరుకు కావలసినవే. ఏది ఏ ఊరికి తగినదో ముందే కొలిచి, తగని చోట వద్దని చెప్పగలిగే వ్యవస్థ ఉన్ననాడు, తగిన చోట వాటిని రైతులే అడిగి పెట్టించుకుంటారు.